మా బండి ఆర్‌ఎక్స్ 100 కాదు

మొన్న సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు జరిగిన ఒక చిన్న ముచ్చటతో ఈ టపా మొదలుపెడతాను. విషయం మోటారుబండ్లది. కథల కోసం, కవితల కోసం ఇటు వచ్చే మిత్రులు కాస్త ఓపిక పట్టాలి. పైకి బండ్ల గోలలా కనిపించినా, ఇది నిజానికి పేర్ల గురించిన గొడవ.

మా ఊరు చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్ళే వైపు, నల్లరేగడి నేలల్లో ఉంటుంది. పాత లెక్కన గుంటూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దు. 2022లో జిల్లాలు విడదీశాక పల్నాడు, బాపట్ల జిల్లాల సరిహద్దు అయింది. అటు పత్తి, ఇటు మిరప. నాన్నగారు పోయి మూడేళ్ళు దాటింది. ఆయన నడిపిన యమహా బండి గొడ్లసావిట్లో పట్టా కప్పుకుని అలాగే ఉంది. ఈసారి దాన్ని ట్రక్కు ఆటోలో ఎక్కించి పేటలో ఒక పాత మేస్త్రి దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన పట్టా తీసి, చుట్టూ ఒకసారి తిరిగి, పక్క డబ్బా మీద వేలు పెట్టి తుడిచి పెదవి విరిచాడు.

"ఇది హండ్రెడ్ కాదు బాబూ. ఆర్‌ఎక్స్-జి. దీనికేమొస్తది? నా దగ్గర పాత హండ్రెడ్ టాంకీ ఒకటుంది. పక్క డబ్బాలు మార్చి స్టిక్కర్లు వేసేస్తే ఎవరూ పోల్చుకోలేరు. లక్ష దాటిద్ది."

"నేను అమ్మటానికి కాదు మేస్త్రిగారూ."

"అమ్మకపోతే మానె. నలుగురూ చూస్తారుగా. హండ్రెడ్ అంటే ఆ విలువే వేరు."

ఆయన మాటలో దురుద్దేశం ఏమీ లేదు. నాకు మేలు చేద్దామనే అన్నాడు. అయినా ఆ మాట నన్ను నెల రోజులుగా వదలటం లేదు. ఎందుకు వదలటం లేదో చెప్పాలంటే ముందు ఈ బండ్ల వంశవృక్షం కొంచెం విప్పాలి.

1980ల నడుమ మన దేశంలోకి జపాను వాళ్ళ సాంకేతికతతో నాలుగు నూరు సీసీ బండ్లు దాదాపు ఒకేసారి వచ్చాయి. ఇండ్-సుజుకి ఏఎక్స్ 100, హీరో హోండా సీడీ 100, కవాసాకి బజాజ్ కేబీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100. హోండాది నాలుగు స్ట్రోకుల ఇంజను, తక్కిన మూడూ రెండు స్ట్రోకులవి. అప్పటిదాకా బుల్లెట్టు, జావా వారసురాలు యెజ్డీ, పాత రాజ్‌దూత్ తప్ప ఎరగని మన రోడ్ల మీద ఇవి తూనీగల్లా కనిపించాయి. ఆర్‌ఎక్స్ 100ను ఎస్కార్ట్స్ వారు 1985 నవంబరులో విడుదల చేశారు. మొదట్లో జపాను నుంచి విడిభాగాలుగా తెచ్చి ఇక్కడ కూర్చి అమ్మారు. పేరుకు వంద అయినా ఇంజను 98 సీసీ. బరువు ఇంచుమించు వంద కిలోలు, శక్తి 11 అశ్వశక్తులు. ఆ బరువుకి ఆ శక్తి కావటం వల్లనే యాక్సిలేటరు తిప్పగానే ముందు చక్రం లేచేంత ఊపు వచ్చేది. స్పోర్ట్స్ కారు అనే మాట పత్రికల్లో చదవటమే తప్ప కంటితో చూడని మా పల్లెటూళ్ళకు అదే స్పోర్ట్స్ కారు.

1996 మార్చితో ఆ బండి తయారీ ఆగిపోయింది. ఆ ఏడాది బిగుసుకున్న కాలుష్య నియమాలు అందుకు ప్రధాన కారణం. రెండు స్ట్రోకుల ఇంజనులో కొత్త పెట్రోలు లోపలికి వచ్చే సమయంలోనే పాత పొగ బయటికి పోతుంది. ఆ సందులో కాలని పెట్రోలు కొంత పొగగొట్టం దారి పడుతుంది. దానితో పాటు మండే 2టీ ఆయిలు సరేసరి. మనం ప్రేమగా తలచుకునే ఆ వాసన నిజానికి ఊపిరితిత్తులకు విషం. ఈ సంగతి దాచి ఆ బండిని పొగడటం నాకు ఇష్టం లేదు.

దాని స్థానంలో ఆర్‌ఎక్స్-జి వచ్చింది. పిస్టను కదిలే దూరం పాత 50 మిల్లీమీటర్లే. గుండ్రం వ్యాసాన్ని మాత్రం 50 నుంచి 58కి పెంచారు. లెక్క వేసి చూడండి, 98 సీసీ కాస్తా 132 అవుతుంది. శక్తి ఆ నిష్పత్తిలో పెరగలేదు. నిదానంగా లాగే గుణం మాత్రం పెరిగింది. ఆ తర్వాత ఆర్‌ఎక్స్ 135. అదీ 132 సీసీయే. దానిలోనే నాలుగు గేర్లది ఒకటి, ఐదు గేర్లది ఒకటి. ఐదు గేర్లది 14 అశ్వశక్తుల బండి. ఇంకా ఆర్‌ఎక్స్‌జడ్. 2000 తర్వాత కొన్నేళ్ళకు ఇవన్నీ ఆగిపోయాయి. ఇదే కుటుంబంలో ఇండోనేషియాలో పుట్టిన ఆర్‌ఎక్స్ కింగ్ మాత్రం దాదాపు ఆ దశాబ్దం చివరిదాకా బతికింది.

వీటికి పెద్దన్న రాజ్‌దూత్ 350. యమహా ఆర్‌డీ 350కి మన దేశపు రూపం. 1983 నుంచి ఆ దశాబ్దం చివరిదాకా ఎస్కార్ట్స్ వారే తయారుచేశారు. దానిలో రెండు రకాలు. హై టార్క్ అనబడేది 30.5 అశ్వశక్తులు, తర్వాత వచ్చిన లో టార్క్ 27. జపాను అసలు బండిలో ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉండగా ఇక్కడ డ్రమ్ము పెట్టారు. లో టార్క్ ఎందుకు పుట్టింది? మన వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎంతిస్తుంది?" కనుక. పెట్రోలు పొదుపు కోసం ఇంజను ఊపు తగ్గించారు. ఈనాటి అభిమానులు లో టార్క్ అనగానే ముఖం చిట్లిస్తారు. ఆనాటి కొనుగోలుదారుడి జేబు వాళ్ళకు గుర్తుండదు.

నేను చెప్పదలచిన మొదటి మాట ఇది. ఒక బండిలో ఇన్ని రకాలు ఎందుకు పుడతాయి? ఎక్కువ సొగసు, తక్కువ సొగసు అనే తేడా కోసం మాత్రమే కాదు. ప్రతి అక్షరం వెనుకా ఒక కాలం ఉంది. 'హై', 'లో' అనే మాటల మధ్య పెట్రోలు ధర ఉంది. '100'కీ 'జి'కీ మధ్య ఒక ప్రభుత్వ నియమం ఉంది. నాలుగు గేర్ల నుంచి ఐదు గేర్లకు మారటంలో, దేశంలో అప్పుడే మెరుగుపడుతున్న రహదారుల మీద ఇంకా వేగంగా పోవాలనే కోరిక ఉంది. పక్క డబ్బా మీది స్టిక్కరు ఒక విధంగా శాసనం వంటిది. శాసనంలో అక్షరాలు మనకు నచ్చినట్టు దిద్దుకోము గదా!

రెండో మాట మా మిర్చి యార్డు నుంచి నేర్చుకున్నది.

గుంటూరు యార్డుకి కాయ తీసుకువెళ్ళిన రైతుకి రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. మొదటిది, ఏ రకం? తేజానా, 334ఆ, 341ఆ, బ్యాడిగా? రెండవది, ఏ తరగతి? డీలక్సు, బెస్టు, మీడియం బెస్టు, మీడియం. ఇవేవీ కాకపోతే తాలు. మోటారు కంపెనీలు వాడే 'డీలక్సు' అనే మాటను మా వైపు చదువురాని రైతు కూడా పలుకుతాడు, మిరపకాయ గురించి. అయితే అతను ఈ రెండు ప్రశ్నలనూ ఎన్నడూ కలిపివేయడు. రకం విత్తనంతో వస్తుంది. తరగతి పంటతో, కోతతో, కల్లంలో ఎండబెట్టిన తీరుతో వస్తుంది. తేజాలోనూ తాలు ఉంటుంది, 334లోనూ డీలక్సు ఉంటుంది. ధరలో హెచ్చుతగ్గులు ఉండవచ్చు గాని, 334 అంటే చెడిపోయిన తేజా అని యార్డులో ఎవరూ అనరు.

పాతబండ్ల అభిమానులు చేస్తున్న పొరపాటు సరిగ్గా ఇక్కడే ఉంది. రకాన్ని తరగతి చేశారు. ఆర్‌ఎక్స్ 100 డీలక్సు, 135 ఐదు గేర్లది బెస్టు, నాలుగు గేర్లది మీడియం, ఆర్‌ఎక్స్-జి తాలు. ఇక ఆర్‌ఎక్స్ 100లో కూడా జపాను ముద్ర ఉన్న తొలి బండ్లు మహా డీలక్సు. ఎంత బాగా చూసుకున్నారు, ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగింది, ఎవరు నడిపారు అనే ప్రశ్నలు వెనక్కి పోయాయి. తుప్పు పట్టిన హండ్రెడ్ కంటే నిక్షేపంలాంటి జి తక్కువదైంది. 2018లో 'ఆర్‌ఎక్స్ 100' పేరుతో మన తెలుగులో సినిమా వచ్చి ఆడాక ఆ అంకెకు ఇంకా మెరుగు పట్టింది. అప్పటికి పుట్టి పాతికేళ్ళు కూడా నిండని పిల్లలు సైతం ఆ అంకెను కలవరించసాగారు.

దీని ఫలితం ఏమిటి? ఆర్‌ఎక్స్-జిలు మాయమవుతున్నాయి. స్ట్రోకు ఒకటే గనుక, చట్రం దగ్గరిది గనుక, చాలా సామాను ఇటుదటు సరిపోతుంది. అంచేత ఒక జి దొరికితే దాని ఇంజను తీసి ఒకదానికి వేస్తారు, లేదా దానికే హండ్రెడ్ ముఖం తగిలిస్తారు. ఇంకొన్నేళ్ళకు మన రోడ్ల మీద ఆర్‌ఎక్స్ 100లు కంపెనీ తయారుచేసిన వాటికంటే ఎక్కువే తిరుగుతాయేమో! ఆర్‌ఎక్స్-జి అనే బండి ఒకటి ఉండేదని చెప్పటానికి మాత్రం ఒక్కటీ మిగలదు.

ఇది మన ఒక్కళ్ళ జబ్బు కాదు లెండి. జపానులోనే నిస్సాన్ స్కైలైన్ కారుకి ఈ గతి పట్టింది. 1969లో వచ్చిన జీటీ-ఆర్ రకానికి పేరు పడేసరికి, మామూలు స్కైలైన్లకు జీటీ-ఆర్ అక్షరాలు తగిలించటం ఒక వృత్తిగా మారింది. 1973లో వచ్చిన రెండో తరం జీటీ-ఆర్‌లు తయారైనవి 197 మాత్రమే. ఆ వేషం వేసుకున్న మామూలు కార్లకు కొదవ లేదు. అదే కంపెనీ ఫెయిర్‌లేడీ జడ్ కారులో ఒక రకానికి 432 అని పేరు. ఆ అంకెకు అర్థం ఉంది: ఒక్కో సిలిండరుకు నాలుగు వాల్వులు, మూడు కార్బురేటర్లు, రెండు కామ్ షాఫ్టులు. అంటే ఆ అంకె లోపలి యంత్రానికి వెలుపలి సాక్ష్యం. ఆ మూడు అంకెలను మరో కారుకు అతికిస్తే అది అలంకారం అవ్వదు, దొంగసాక్ష్యం అవుతుంది.

దొంగసాక్ష్యం అనే మాట పెద్దదనిపించవచ్చు. మా నేల మీద పుట్టినవాడికి అనిపించదు. సంచి మీద ఒక పేరు, లోపల మరొక విత్తనం. డబ్బా మీద ఒక మందు, లోపల రంగునీళ్ళు. ఈ మోసాన్ని పత్తి రైతు, మిరప రైతు ఎన్ని ఏళ్ళుగా అనుభవిస్తున్నారో చెప్పనక్కరలేదు. 1987-88లో పురుగు మందులకు లొంగని శనగపచ్చ పురుగు పత్తిని ఊడ్చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 1997-98లో అదే కథ వరంగల్లు మొదలుకొని రాష్ట్రమంతా వినవలసి వచ్చింది. ఆ చావులకు కారణాలు అనేకం: అప్పులు, వానలు, ధరలు, పురుగు. వాటిలో నకిలీ సరుకూ ఒకటి. పైపేరును నమ్మి లోపలిదాన్ని కొనవలసినవాడికి ఆ పేరు ఎంత ముఖ్యమో మాకు ఇంకొకరు చెప్పనక్కరలేదు.

ఎదుటివారి వాదన నాకు తెలియకపోలేదు. "నా బండి, నా డబ్బు, నా ఇష్టం. ఎవరికి నష్టం?" అంటారు. సగం ఒప్పుకుంటాను. అరిగిపోయిన పిస్టను మార్చుకోవాలి. దొరకని సామాను బదులు దొరికినది వేసుకోవాలి. బండి ప్రదర్శనశాలలో బొమ్మ కాదు, నడవాలి. ఇష్టపడి ఐదు గేర్ల పెట్టె బిగించుకుని, "ఇదిగో ఇలా చేశాను" అని చెప్పుకునేవాడితో నాకు పేచీ లేదు, అతనిది నేర్పు. అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మూలరూపాన్ని అనుమతి లేకుండా మార్చవద్దంటుందని అతనూ గుర్తుంచుకోవాలి. మేస్త్రి పొట్టకూడా చూడాలి. అడిగేవాడు ఉన్నంతకాలం అతను స్టిక్కరు అతికిస్తాడు. అంచేత తప్పు అతికించేవాడిది కాదు, అడిగేవాడిది. హండ్రెడ్ కాని బండి మీద హండ్రెడ్ అని వ్రాయించుకుని, ఆ వ్రాతకు ధర కట్టి మరొకడికి అమ్మితే నష్టం ఆ మరొకడికి. అమ్మకుండా ఊరికే తిరిగితే నష్టం ఎవరికి అంటారా? నాకు తెలిసిన జవాబు ఒక్కటే. అది చెప్పాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

నాన్నగారు ఆ బండి 1997 ఎండాకాలంలో, మిరప అమ్మిన డబ్బుతో కొన్నారు. ఆయన ఆర్‌ఎక్స్ 100 కోసం ఐదారేళ్ళు కలలు కన్నారు. ఒక ఏడు ధర లేదు, ఒక ఏడు అక్క పెళ్ళి, ఒక ఏడు వాన. చేతిలో డబ్బు నిలిచేసరికి ఆ బండి లేదు. షాపులో ఉన్నది ఆర్‌ఎక్స్-జి. ఆయన దాని చుట్టూ కాసేపు తిరిగి, "జి అంటే గుంటూరేమో లేరా! మన లాం వాళ్ళ జి-4 మిరపకాయ లేదూ, అలాగ" అని నవ్వి కొనేశారు. లాం పరిశోధనా స్థానం వారి జి-4, జి-5 రకాలు మా చేలో పండినవే. ఆయనకు తెలిసిన జి అదే.

నాకప్పుడు పన్నెండేళ్ళు. నా తరగతిలో ఒకడి అన్నకు హండ్రెడ్ ఉంది. "మీది డూప్లికేటు" అని వాడు నలుగురిలో అన్నాడు. ఆ సాయంత్రం సావిట్లో ఎవరూ లేనప్పుడు బ్లేడుతో పక్క డబ్బా మీది 'జి' అక్షరాన్ని గీకేశాను. 'ఆర్‌ఎక్స్' మిగిలింది. ఆ తర్వాత ఎవరు అడిగినా హండ్రెడ్ అని చెప్పవచ్చని నా ఎత్తు.

మర్నాడు నాన్నగారు చూశారు. కొడతారనుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. గోడ గూట్లోంచి, మిరప టిక్కీల మీద మా ఇంటి గుర్తు వేసే నల్లరంగు డబ్బా, కుంచె తీసి, గీకిన చోట తెలుగులో 'జి' అని వ్రాశారు. ఆయనకు ఇంగ్లీషు అక్షరాలు వ్రాయటం అంత బాగా రాదు. గుడి కాస్త పక్కకి ఒరిగింది. కుంచె కడుగుతూ ఒక్కమాట అన్నారు: "మనది మనదేరా. ఇంకోదాని పేరు పెడితే, ఇది పడ్డ కష్టమంతా దాని ఖాతాలోకి పోద్ది."

ఆ ఏడు శీతాకాలంలో మా పత్తి పోయింది. అప్పులవాళ్ళు వచ్చారు. ఆ బండి అమ్మమని అందరూ చెప్పారు; ఆయన అమ్మలేదు. దాని మీదే తెల్లవారుజామున నాలుగింటికి చేలోకి మందు డబ్బాలు మోశారు. రేగడి బురద మడ్‌గార్డు కింద గట్టిపడి చక్రం తిరగకపోతే పుల్లతో గోకి మళ్ళీ నడిపారు. సంచిలో కాయ మచ్చు పెట్టుకుని గుంటూరు యార్డుకి పోయి బేరం కనుక్కొచ్చారు. ఒక రాత్రి అమ్మకు ప్రాణం మీదికి వస్తే ఆ బండి మీదే పేట ఆసుపత్రికి చేర్చారు. ఈ పనులేవీ ఆర్‌ఎక్స్ 100 చేయలేదు. ఏపీ 7 నెంబరుతో ఉన్న ఒక ఆర్‌ఎక్స్-జి చేసింది.

ఎవరికి నష్టం అన్న ప్రశ్నకు నా జవాబు ఇదే. దానికి హండ్రెడ్ వేషం వేసి ఊరేగిస్తే నష్టం దానికే. దాన్ని హండ్రెడ్ కాకపోయినా కొని, హండ్రెడ్ కంటే ఎక్కువగా చూసుకున్న మనిషికే. అలాంటి మనుషులు ఒక్క మా నాన్నగారే కాదు. కోరుకున్నది దొరక్క, దొరికినదాన్ని ప్రేమించిన తరం ఒకటి ఈ నేలల మీద ఉంది. వాళ్ళ బండ్ల మీది అక్షరాలు చెరిపితే, ఆ రాజీ, ఆ ప్రేమ రెండూ చెరిగిపోతాయి. అప్పుడు అందరూ మొదటినుంచీ కోరుకున్నదే నడిపారన్న అబద్ధం మిగులుతుంది.

కనుక పాత బండి ఉన్న మిత్రులకు నా మనవి. మీది లో టార్క్ అయితే లో టార్క్ అనే చెప్పండి. నాలుగు గేర్లదైతే నాలుగు అనే చెప్పండి. మీ బండి ఏ రకమో దాన్నే డీలక్సు తరగతిలో ఉంచటానికి ప్రయత్నించండి. కొనేవాళ్ళు స్టిక్కరు కంటే ముందు రిజిస్ట్రేషను పుస్తకంలో సీసీ ఎంత వ్రాసి ఉందో చూడండి.

మేస్త్రిగారికి నిన్న ఫోను చేసి చెప్పాను. ఇంజను విప్పి రింగులు, బేరింగులు మార్చమన్నాను. టాంకీకి పాత రంగే వేయమన్నాను. పక్క డబ్బాను మాత్రం నీళ్ళతో కడగటం తప్ప మరేమీ చేయవద్దన్నాను.

"ఆ వంకర జి అట్లాగే ఉంచాలా బాబూ?" అని అడిగాడు.

అట్లాగే ఉంచమన్నాను.

తా.క. మీ ఇళ్ళల్లోనూ ఇలా ఎవరూ అడగని రకం బండి ఏదైనా ఉంటే, దాని కథ మీరూ ఒక టపాగా వ్రాయండి. అంకెలు తప్పు వ్రాశానని అనిపిస్తే మొహమాటపడకుండా దిద్దండి.